మందు వేసే చేతికి నాలుగు మాటలు

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన మహిళల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం నర్సులం. ఒకరం నర్సింగ్ స్కూల్లో మందుల పాఠం చెప్తుంటే, ఇంకొకరం వార్డులో ఆ మందులు వేస్తుంటాం. ఉపన్యాసాలు ఇవ్వడం మాకు అలవాటు లేదు. కార్యదర్శిగారు వచ్చి, "ఆరోగ్యం గురించి ఏదైనా నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆరోగ్యం అంటే సముద్రం. అందులో మాకు బాగా తెలిసింది, మా చేతుల మీదుగా రోజూ నడిచేది ఒకటే వుంది. అది రోగికి మందు వేయడం, ఇంటికి వెళ్ళాక ఎలా వేసుకోవాలో చెప్పి పంపడం. దాని గురించే రాసుకొచ్చాం. ఒకరం చదువుతున్నా, మాట ఇద్దరిదీ. తప్పులుంటే మన్నించండి.

మా స్కూల్లో మొదటి సంవత్సరం పిల్లలకు మందుల పేర్ల కన్నా ముందు ఐదు సంగతులు కంఠతా పట్టిస్తాం. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. దారి అంటే నోటి ద్వారానా, నరంలోకా, కండలోకా, చర్మం కిందకా అని. ఈ ఐదూ సరిచూసుకున్నాకే మందు వేయాలి, వేసిన వెంటనే రాయాలి. మందు పేరు మూడుసార్లు చదవాలి: బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, మోతాదు తీసేటప్పుడు ఒకసారి, రోగి మంచం దగ్గర ఇచ్చేముందు ఒకసారి. పిల్లలు మొదట్లో నవ్వుతారు, "ఇంత చిన్న బిళ్ళకు ఇన్ని తంటాలా మేడమ్" అని. వార్డులోకి వచ్చాక నవ్వు పోతుంది.

ఎందుకంటే పొరపాటు జరిగేది తెలియనితనం వల్ల కాదు, తెలుసులే అనుకోవడం వల్ల. మన వాళ్ళ పేర్లే చూడండి. ఒకే వార్డులో షేక్ మస్తాన్ లు ఇద్దరు, ఖాదర్ బీలు ముగ్గురు వుండడం మాకు కొత్త కాదు. మంచం దగ్గరికి పోయి "మీరు మస్తాన్ గారేనా?" అంటే, జ్వరం మీద వున్న మనిషి దేనికైనా "ఆ" అంటాడు. అందుకే అలా అడగొద్దని నేర్పుతాం. "మీ పేరేమిటండీ? తండ్రి పేరు? ఏ ఊరు?" అని అడిగి, వాళ్ళ నోటితో చెప్పించుకుని, ఆస్పత్రి నంబరుతో సరిచూసుకోవాలి. మీరెప్పుడైనా ఆస్పత్రిలో వుంటే, నర్సు రోజుకు నాలుగుసార్లు పేరు అడిగితే విసుక్కోకండి. ఆమె మరిచిపోయి అడగడం లేదు, మిమ్మల్ని కాపాడడానికి అడుగుతోంది.

ఇంతా చేసి, ఈ కట్టుదిట్టం అంతా ఎక్కడిదాకా? ఆస్పత్రి గేటు దాకా. గేటు దాటాక నర్సు ఎవరు? మీరే. ఏ కోడలో, ఏ కూతురో, స్కూలుకు పోయే మనవరాలో. ఆమెకు మూడేళ్ళ చదువు లేదు, మూడుసార్లు సరిచూసే తీరిక లేదు. ఒక పొయ్యి మీద చాయ్, ఒక చంకలో బిడ్డ, ఇంకో చేత్తో అత్తగారికి మాత్ర. ఆ చేతికి మేము ఏం నేర్పి పంపామన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందటి మాట. ఆస్పత్రి పేరు, ఊరి పేరు అనవసరం. షుగరు జబ్బుతో ఒక పెద్దావిడ వార్డులో వున్నారు. అందరం ఆమెను ఖాలా అనేవాళ్ళం. మూడేళ్ళుగా ఇన్సులిన్ మీద వున్న మనిషి. డాక్టరుగారు పాత ఇన్సులిన్ మార్చి, రాత్రిపూట ఒక్కసారి వేసుకునే కొత్తరకం రాశారు. 16 యూనిట్లు. ఆ రోజు మధ్యాహ్నం మూడు డిశ్చార్జిలున్నాయి. మేము కాగితం చేతికిచ్చి, "సూది వేయడం వచ్చుగా అమ్మా?" అని కోడల్ని అడిగాం. "వచ్చు సిస్టర్, మూడేళ్ళనుంచి నేనే వేస్తున్నా" అంది. అది నిజమే. "రాత్రి పదహారు. అర్థమైందా?" అన్నాం. "అయింది సిస్టర్" అంది. అదీ నిజమే. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే, మేము అడిగిన ప్రశ్నలే పనికిరానివి.

సంగతేమిటంటే, మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక ఎం.ఎల్.కు 40 యూనిట్లు వుండేది ఒకటి, ఒక ఎం.ఎల్.కు 100 యూనిట్లు వుండేది ఇంకొకటి. దేని సిరంజి దానికే. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. ఖాలా పాత సీసా 40ది, కొత్త సీసా 100ది. ఇంట్లో వున్నవి మాత్రం పాత ఎర్ర మూత సిరంజిలే. పారేయడం ఎందుకని ఆ కోడలు వాటితోనే 16 గీత దాకా తీసి వేసింది. ఎర్ర సిరంజిలో 16 గీత అంటే 0.4 ఎం.ఎల్. పాత మందైతే అది 16 యూనిట్లే. కొత్త మందు కాబట్టి అది 40 యూనిట్లయింది. రెండున్నర రెట్లు!

తెల్లవారి ఫజర్ నమాజుకు ఖాలా లేవలేదు. చూస్తే ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకదు. ఇంట్లోవాళ్ళు నోట్లో షర్బత్ పోయబోతుంటే, పక్కింటాయన ఎవరో, స్పృహలేని మనిషికి నోట్లో ఏదీ పోయకూడదని ఆపి ఆటో పిలిచాడట. ఆయన ఆ పని చేయకపోతే ఆ షర్బత్ ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆస్పత్రికి వచ్చేసరికి షుగరు 32. గ్లూకోజు ఎక్కించారు, కళ్ళు తెరిచారు. కొత్తరకం మందు రోజంతా పనిచేసేది కాబట్టి మళ్ళీ పడిపోతుందేమోనని రెండు రోజులు కనిపెట్టుకుని వున్నాం. అల్లా దయవల్ల బతికి బయటపడ్డారు.

కానీ ఆ రెండు రోజులూ వరండాలో ఏం జరిగిందో మేము చూశాం. ఇంటి మగవాళ్ళు, ఆడబిడ్డలు, వచ్చిన చుట్టాలు అందరూ ఆ కోడల్నే అన్నారు. "మూడేళ్ళనుంచి వేస్తున్నదానికి పదహారు తెలియదా?" అని. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, "నా చేతులతో నేనే చంపుకునేదాన్ని సిస్టర్" అని ఏడ్చింది. ఆమె 16 అంటే 16 గీత దాకానే తీసింది. సీసా మారితే సిరంజి మారాలని చెప్పాల్సింది మేము. చెప్పలేదు. రెండోరోజు సాయంత్రం వాళ్ళ అందరి ముందూ నిలబడి ఆ మాట చెప్పాం. "తప్పు ఈ పిల్లది కాదు, మాది" అని. చెప్పడానికి రెండు రోజులు పట్టిందన్నదే ఇప్పటికీ మాకు సిగ్గు.

అప్పటినుంచి మా వార్డులో ఒక మాట మానేశాం. "అర్థమైందా?" అని అడగం. ఆ ప్రశ్నకు లోకంలో ఎవరైనా "అయింది" అనే అంటారు. పెద్దవాళ్ళు మర్యాదకు అంటారు, ఆడవాళ్ళు బిడియంతో అంటారు, మగవాళ్ళు తెలియదంటే చిన్నతనమని అంటారు. దానికి బదులు, "ఇంటికెళ్ళి మీ అమ్మకు ఎలా వేస్తారో ఒకసారి నాకు చెప్పండి, చేసి చూపించండి. నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి" అంటాం. గమనించండి, పరీక్ష మీకు కాదు, మాకు. చూపించడంలో తేడా వస్తే మళ్ళీ చెప్తాం, మళ్ళీ చూపించమంటాం. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మేము పెట్టివుంటే ఖాలాకు ఆ గండం వచ్చేది కాదు.

ఇది మా ఒక్క వార్డు గొడవ కూడా కాదు. మందుల పొరపాట్ల వల్ల జరిగే హాని ప్రపంచమంతా వున్నదని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ఏటా సెప్టెంబరు 17ను రోగుల భద్రతా దినంగా జరుపుతున్నారు. 2022లో ఆ రోజుకు మందుల భద్రతనే అంశంగా పెట్టారు. అంత పెద్ద సంస్థ చెప్పేదీ చివరికి ఇదే: వేసుకునే మందు ఏదో తెలుసుకో, సరిచూసుకో, అడుగు.

ఇక ఇంట్లో ఎక్కువగా పొరపాట్లు జరిగే చోట్లు కొన్ని చెప్తాం.

మొదట ఇన్సులిన్ సంగతి ముగిద్దాం. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటి కావాలి. 40కి 40, 100కి 100. సిరంజి దొరక్కపోతే వున్నదానితో సర్దుకోకండి, ఆస్పత్రికి ఫోను చేయండి. తెరవని సీసా ఫ్రిజ్ లో వుంచాలి గాని, గడ్డకట్టే అరలో కాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో మందు తడవకుండా డబ్బాలో పెట్టి, చల్లటి మట్టి కుండలో వుంచవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, తిక్కతిక్కగా మాట్లాడడం కనిపిస్తే షుగరు పడిపోతోందని గ్రహించాలి. మనిషి స్పృహలో వుంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

రెండవది చంటిపిల్లల జ్వరం మందు. పారాసిటమాల్ చుక్కల మందులో ఒక ఎం.ఎల్.కే 100 మిల్లీగ్రాములుంటుంది. అదే సిరప్ అయితే ఐదు ఎం.ఎల్.లో 120 లేదా 125, ఇంకోరకంలో ఐదు ఎం.ఎల్.లో 250. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 150 మిల్లీగ్రాములనుకుందాం. చుక్కల మందైతే ఒకటిన్నర ఎం.ఎల్. చాలు. 125 సిరప్ అయితే ఆరు ఎం.ఎల్., 250 సిరప్ అయితే మూడు. ఇప్పుడు పక్కింటి ఆపా, "మా వాడికి ఆరు పోశా, తగ్గింది" అన్నదని మీరు చుక్కల మందు ఆరు ఎం.ఎల్. పోస్తే? 600 మిల్లీగ్రాములు! నాలుగు రెట్లు. ఇలా పోస్తూ పోతే కాలేయం పాడవుతుంది. కాబట్టి ఆపా మాట కాదు, సీసా మీది మాట చూడాలి. బిడ్డ బరువు డాక్టరుకు చెప్పాలి. కొలత వంటింటి చెంచాతో కాదు, సీసాతో వచ్చిన మూతతోనో గొట్టంతోనో కొలవాలి. మన ఇళ్ళల్లో చెంచాలు ఏ రెండూ ఒక కొలత వుండవు. ఒకసారి పోశాక కనీసం నాలుగు గంటలు ఆగాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

దగ్గు మందు గురించి కూడా ఒక మాట. 2025లో మధ్యప్రదేశ్ లోని ఛింద్వాడా ప్రాంతంలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు మామూలుగా అవి అవసరం లేదని చెప్పింది. కొట్టుకు పోయి "పిల్లాడికి దగ్గు మందు ఇవ్వు భాయ్" అని కొనుక్కు రావడం దయచేసి మానండి.

మూడవది, వేళ. మన ఇళ్ళల్లో లేవగానే చాయ్. రక్తం తక్కువని ఇచ్చే ఐరన్ మాత్ర చాయ్ తో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట ఆగి చాయ్ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం వుండాలి. కీళ్ళ వాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కసారే వేసుకునేది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అది ఎవరింట్లోనైనా వుంటే, ఏ వారమో కాగితం మీద పెద్దక్షరాలతో రాసి డబ్బాకు అంటించండి.

నాలుగవది, మాత్రలను స్ట్రిప్ లోంచి ఒలిచి ఒక డబ్బాలో పోయడం. తర్వాత మిగిలేది "తెల్ల బిళ్ళ, ఎర్ర బిళ్ళ" మాత్రమే. కంపెనీ మారితే రంగు మారుతుంది, మందు మారదు. ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లో చేరి, రెండూ వేసుకునేవాళ్ళను చూశాం. స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు వుండే మందు పేరే అసలు పేరు. చదువుకున్న పిల్లల చేత చదివించండి. నిలువుగా ఎర్ర గీత వున్న మందు డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు, ఒకరికి రాసింది ఇంకొకరు వాడకూడదు.

మందు వల్ల ఏం జరుగుతుందో ముందే చెప్పడం కూడా మా పనే. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ అనేది వుంటుంది. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ప్రమాదం లేదు. చెప్పి పంపకపోతే మాత్రం రక్తం పోతోందని భయపడి మందు మానేస్తారు. ఆరు నెలలు వాడాల్సింది నెలలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఇంత నష్టం.

చివరిగా మన ఇళ్ళకు ప్రత్యేకమైన సంగతి: రంజాన్ నెల. పెద్దవాళ్ళు రోజా వుంటారు. వుంటామని డాక్టరుకు చెప్పరు, చెబితే వద్దంటాడని. పగటి మాత్ర మానేస్తారు, లేదా మూడు పూటలవీ రెండు పూటల్లో సర్దేస్తారు. ఇది చాలా అపాయం. ఇన్సులిన్, గ్లిమిపెరైడ్ వంటివి వేసుకుని ఉపవాసం వుంటే షుగరు పడిపోయే భయం ఎక్కువ. మెట్ ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం తక్కువ. ఎవరికి రోజా క్షేమమో, ఎవరికి కాదో, ఏ మాత్ర సహరీకి మార్చాలో, ఏది ఇఫ్తారుకు మార్చాలో, ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి. అందుకే రంజాన్ కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వెళ్ళి, "నేను రోజాలుంటాను, నా మందులు ఎలా మార్చుకోవాలి?" అని అడగండి.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో సవరించిన సూచనల ప్రకారం, రోజాలో వుండగా షుగరు 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. వేలికి సూది గుచ్చి షుగరు చూసుకుంటే రోజా భంగం కాదనీ అందులో వుంది. మీ మనసుకు సందేహం వుంటే ఇమాంసాబును అడిగి తీర్చుకోండి. రోగికి మినహాయింపు వున్నదన్న సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. డాక్టర్లకూ నర్సులకూ మా మనవి కూడా ఒకటుంది. "ఉపవాసం మానేయండి" అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే రోగి మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. అడిగి, విని, దారి చెప్పండి.

సంఘం పెద్దలకు చిన్న విన్నపం. మన పెద్దవాళ్ళలో కొందరికి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు వచ్చు, ఉర్దూ రాదు. మందు చీటీ మాత్రం ఇంగ్లీషులో వుంటుంది. ప్రతి ఇంటికీ ఒక కార్డు అచ్చు వేయిద్దాం. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. మందు పేరు, దేనికి, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఏ మందు పడదు అని గళ్ళు పెడదాం. మూడు నెలలకోసారి ఇంట్లో వున్న మందుల డబ్బా మొత్తం ఇక్కడికి తెస్తే, మేమిద్దరం కూర్చుని చూసి పెడతాం. గడువు తీరినవి, రెండేసి వున్నవి విడదీస్తాం. మాకు దానికి రుసుమేమీ వద్దు, ఒక కప్పు చాయ్ ఇప్పించండి చాలు.

అక్కచెల్లెళ్ళారా! మళ్ళీ ఎప్పుడైనా ఆస్పత్రి నుంచి మందులతో ఇంటికి వచ్చేటప్పుడు, నర్సు "అర్థమైందా?" అని అడిగితే "అయింది" అనకండి. "ఆగండి సిస్టర్, నేను చెప్తాను, సరిగ్గా వుందో లేదో చూడండి" అనండి. మాలో ఎవరైనా విసుక్కుంటే, అది మా తప్పు, మీది కాదు. రెండోసారి అడగండి, మూడోసారి అడగండి.

ఆ ఖాలా నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చారు. కోడలు సంచీలోంచి సీసా, నారింజ మూత సిరంజి తీసి బల్ల మీద పెట్టింది. మేము అడక్కముందే రెండింటి మీది 100 అంకె మీద వేలు పెట్టి చూపించి, 16 గీత దాకా గాలి తీసి, "ఇంతేగా సిస్టర్?" అంది. "ఇంతే తల్లీ" అన్నాం.